చెవి మాస్టారు

రోలర్ల మీద ఎర్ర కారు ఉన్నచోటనే నూట నలభై వేగంతో పరిగెడుతోంది. డ్రైవరు సీట్లో చెవి మాస్టారు ఒళ్ళో ల్యాప్‌టాప్, తలకి నల్లటి పెద్ద హెడ్‌ఫోన్లు పెట్టుకొని, కళ్ళు మూసుకొని కూర్చున్నాడు. హెడ్‌ఫోన్ల తీగ బానెట్ కిందికి వెళ్ళి, ఇంజను ఒంటికి బోల్టుతో బిగించిన చిన్న మైకు దగ్గర ఆగుతుంది. అద్దాల గది అవతల కారు యజమాని నోరు తెరుచుకొని చూస్తున్నాడు. మాస్టారు చూపుడువేలు పైకెత్తాడు. యజమాని ఊపిరి బిగబట్టాడు. మాస్టారు యాక్సిలరేటరు వదిలి, కళ్ళు తెరిచి, ల్యాప్‌టాప్ మీద మూడు మీటలు నొక్కి, తృప్తిగా తలూపాడు.

ఆ మూడు మీటలూ ఏ పనీ చెయ్యలేదు. చెయ్యవలసిన పనంతా పొద్దున్న తొమ్మిదింటికే అయిపోయింది. కంపెనీవాళ్ళు ఆ రకం కార్లన్నిటికీ కలిపి ఒకటే తయారుచేసి అమ్మే, ఇంజను బలం పెంచే లెక్కల రెడీ ఫైలుని ఇంజను కంప్యూటర్లోకి ఎక్కించడానికి నాలుగు నిమిషాలు పట్టింది. ఆ తర్వాత జరిగిన రెండు గంటల తతంగమంతా అద్దం అవతలి మనిషి కోసమే.

షాపు గోడమీద బోర్డుంది. అందులో రెండే వరసలు. మొదటిది: రెడీ ఫైలు, అరగంట. రెండోది: మీ బండికే ప్రత్యేకం, ఒక పూట. తేడా ఏమిటని అడిగినవాళ్ళకి మాస్టారు ఇరవై ఏళ్ళుగా ఒకటే మాట చెబుతున్నాడు. "బజారులో కళ్ళజోళ్ళు కుప్పపోసి అమ్ముతారు చూశారా, పెట్టుకుంటే అక్షరాలు కనిపిస్తాయి. చాలామందికి అవే చాలు. కానీ మీ కన్ను వేరు, పక్కాయన కన్ను వేరు. బండి కూడా అంతే." టర్బో ఉన్న బండి సంగతి మరీ సున్నితం. అది గాలిని బలవంతాన ఇంజన్లోకి కుక్కుతుంది. ఎంత గాలికి ఎంత పెట్రోలు, నిప్పురవ్వ ఏ క్షణాన పడాలి అన్నది వెంట్రుకవాసి తప్పినా లోపల పెట్రోలు వేళగాని వేళ పేలుతుంది. దాన్నే నాకింగ్ అంటారు. టిక్కుమని చిన్న చప్పుడు. ఆ చప్పుడు నాలుగుసార్లు వస్తే పరవాలేదు, నాలుగు వందలసార్లు వస్తే పిస్టన్ పగులుతుంది. మూడు వీధుల అవతల పోయే బండిలో ఆ చప్పుడు పట్టుకోగలడని పేరు తెచ్చుకున్నవాడు మాస్టారు. అందుకే జనం బోర్డులో మొదటి వరస చదవకుండానే రెండోది అడుగుతారు.

ఎనిమిది నెలలుగా మాస్టారు వాళ్ళకి మొదటిదే అంటగడుతున్నాడు. "మీరు ఆఫీసుకి పోయొచ్చే బండికి ఇది చాలండీ" అని నచ్చజెబుతాడు. నచ్చనివాళ్ళ కోసం ఈ హెడ్‌ఫోన్ల నాటకం ఆడతాడు. ప్రత్యేకం అని చెప్పి రెడీమేడ్ ఇవ్వడం మోసమని తెలియనంత అమాయకుడేం కాదు. తెలుసు కనకనే డబ్బు మాత్రం మొదటి వరస ప్రకారమే తీసుకుంటాడు. దాంతో జనం, "ఎంత మంచివాడండీ, అంత పనిచేసి ఇంతే తీసుకున్నాడు" అని ఊరంతా చెప్పుకుంటున్నారు. ఆ మెప్పు చెవిన పడ్డప్పుడల్లా ఆయనకి నాలుగు తగిలించినట్టే ఉంటుంది.

ఎర్ర కారాయన కూడా రెండు చేతులూ పట్టుకొని ఊపి మరీ వెళ్ళాడు. మాస్టారు గుడ్డతో వేళ్ళు తుడుచుకుంటుంటే ఫోను మోగింది. ఎడమ చెవి దగ్గర పెట్టుకున్నాడు. రెండేళ్ళుగా ఎడమ చెవే.

అక్క. "ఒరేయ్, మీ బావ సామానంతా ఆ పని నేర్పే బడివాళ్ళకి ఇచ్చేస్తున్నార్రా. అయిదింటికి వ్యాను వస్తుందట. పొద్దున్నుంచీ బయటేసి తుడుస్తూ కూర్చున్నారు. నా మాటెలాగూ వినరు. నువ్వొచ్చి ఒక్క మాట చెప్పు."

"ఏం చెప్పమంటావ్?"

"ఏదో ఒకటి. ముప్ఫయ్యేళ్ళ సామానురా! నువ్వు చెబితే వింటారు."

వస్తానన్నాడు. ఫోను పెట్టేశాక చాలాసేపు ఆ గుడ్డతోనే చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు. తుడవడానికి చేతుల మీద ఏమీ మిగల్లేదు.

బావే ఈ పని నేర్పింది. అక్క పెళ్ళయిన ఏడాదికి, చదువబ్బక ఇంట్లో తిట్లు తింటున్న పదహారేళ్ళవాణ్ణి పిలిచి, "ఏరా, కనీసం స్పానర్లైనా కడుగుతావా?" అని షాపుకి తీసుకొచ్చాడు. బావ ఇంజన్లు విప్పి బిగించే మనిషి. పొట్టిగా ఉంటాడు. వేళ్ళు లావు. ఆ లావు వేళ్ళతో సూది మొనంత బిళ్ళని కూడా కింద పడెయ్యకుండా పెడతాడు. ఒక్కో ఇంజను తెరిచే ముందు చేతులు మూడుసార్లు సబ్బుతో కడుక్కుంటాడు, పెళ్ళివారింటికి భోజనానికి వెళుతున్నట్టు. చెవి మాస్టారు అన్న పేరు పెట్టింది కూడా ఆయనే. ఒకరోజు షాపు ముందు నుంచి పోతున్న ట్రక్కుని చూడకుండానే, "దాని మూడో సిలిండరు చచ్చింది బావా" అన్నాడు కుర్రాడు. బావ పరిగెత్తుకెళ్ళి ట్రక్కు ఆపించి విప్పించాడు. మూడోదే. ఆ రోజు నుంచి వచ్చినవాళ్ళందరి ముందూ, "మా బావమరిదికి చెవులు కావు, స్టెతస్కోపులు" అని బావ ఒకటే గొప్పలు. తర్వాత్తర్వాత ఇద్దరి పేరునా షాపు వెలిసింది. బావ ఇంజను కట్టేవాడు, బావమరిది దాని పెట్రోలు, నిప్పురవ్వల లెక్క, అంటే ట్యూన్, రాసేవాడు. ఒకరి పని బాగుంటేనే రెండోవారి పని నిలబడేది.

చెవి పోయిన సంగతి బయటపడింది ఇంట్లో కొత్తగా కొన్న గడియారం వల్ల. అలారం మోగుతున్నా మాస్టారు లేవలేదు. "మోగుతూనే ఉంది కదండీ!" అని భార్య అంటే, చెడిపోయిందనుకొని గడియారాన్ని కుడి చెవి దగ్గర పెట్టుకొని చూశాడు. ఏమీ లేదు. ఎడమ చెవికి మార్చాడు. ఎక్కడో దూరంగా, పక్కింట్లో మోగుతున్నట్టు వినిపించింది. తనని ఎవరూ ఎరగని పేటలో ఒక డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. ఆయన పరీక్షచేసి ఒక కాగితం ఇచ్చాడు. గ్రాఫులు చదవడం మాస్టారికి కూటివిద్య. కుడివైపుకి వెళ్ళేకొద్దీ గీత ఎక్కడ పడిపోయిందో, ఆ పడిపోయినచోట నాకింగ్ లాంటి సన్నటి చప్పుళ్ళే ఉంటాయని డాక్టరు చెప్పనక్కరలేకపోయింది. ముప్ఫయ్యేళ్ళు సైలెన్సర్ల పక్కన చెవులకి ఏ అడ్డూ లేకుండా నిలబడ్డందుకు ఫలం. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఎవరికీ చెప్పలేదు. సిగ్గనిపించింది. చెవి మాస్టారికి చెవుల్లేవని చెప్పుకోవడం కన్నా పళ్ళ డాక్టరు బోసినోటితో నవ్వడం నయం అనిపించింది.

ఏడాదికి పైగా నెట్టుకొచ్చాడు. అంకెలు చూసి, అనుభవంతో, అదృష్టంతో. తర్వాత తెల్ల కారు వచ్చింది.

దాని ఇంజను బావ మూడు వారాలు కూర్చుని కట్టాడు. గట్టి పిస్టన్లు వేశాడు. అలాంటి పిస్టన్లు మామూలుగానే చప్పుడు చేస్తాయి కాబట్టి ఇంజన్లో నాకింగ్‌ని పట్టుకునే సెన్సరు ఊరికే బెదిరిపోతుంది. అందుకని మాస్టారు సెన్సరుని కాస్త మొద్దుబార్చి, ఎప్పటిలా చెవి మీద ఆధారపడి ట్యూన్ రాశాడు. హెడ్‌ఫోన్లలో ఏ టిక్కూ వినపడలేదు. వినపడకపోవడాన్ని చప్పుడు లేకపోవడం అనుకున్నాడు. ఇంకాస్త, ఇంకాస్త అని బలం పెంచాడు. పదకొండో రోజున ఆ కారు నీలం పొగ కక్కుతూ తాడు కట్టించుకొని తిరిగొచ్చింది.

బావ విప్పాడు. రెండో పిస్టన్‌కి రింగులు కూర్చునే గాడుల మధ్య గట్టు విరిగిపోయింది. ఆ గట్టు విరగడానికి ముఖ్యంగా రెండు కారణాలు. ఒకటి నాకింగ్. రెండోది, రింగు రెండు కొసల మధ్య వదలవలసిన సందు తక్కువ కావడం. వేడెక్కినప్పుడు రింగు సాగుతుంది. సాగడానికి చోటు లేకపోతే గట్టుని విరిచేస్తుంది. నాకింగ్ అయితే అది ట్యూన్ రాసినవాడి తప్పు. సందు అయితే ఇంజను కట్టినవాడి తప్పు.

బావ స్టూలు మీద కూర్చుండిపోయాడు. "సందు తక్కువ పెట్టుంటాన్రా" అన్నాడు. "నా చెయ్యే."

అప్పుడా పిస్టన్ మాస్టారి చేతిలో ఉంది. దాని తల అంచున, ఇసుక చల్లినట్టు సన్నటి గుంటలు కనబడుతున్నాయి. నాకింగ్ వల్ల తప్ప మరి దేనివల్లా అలాంటి గుంటలు పడవు. బావ కళ్ళజోడు లోపల బల్ల మీద ఉంది. మాస్టారు ఆ గుంటల మీద బొటనవేలు పెట్టి కప్పాడు.

"ఏమో బావా" అన్నాడు.

అంతే. అబద్ధం కూడా ఆడలేదు. ఆ రెండు మాటలే అన్నాడు. తర్వాత పిస్టన్ తీసుకెళ్ళి పాత ఇనుము డ్రమ్ములో, అట్టడుక్కి పోయేలా పడేశాడు. బావ ఆ ఇంజను మళ్ళీ సొంత ఖర్చుతో కట్టి, ప్రతి రింగునీ మూడేసిసార్లు కొలిచి, కారు యజమానికి తాళాలిచ్చి, "నా చేతికి వయసొచ్చిందండీ, క్షమించండి" అని ఆ సాయంత్రం సామాను సర్దుకొని ఇంటికి వెళ్ళాడు. మళ్ళీ షాపు మెట్లెక్కలేదు. ఎనిమిది నెలలు.

ఈ రోజు చెప్పాలి. సామాను వ్యానెక్కకముందే చెప్పాలి. అక్క అన్న ఆ ఒక్క మాట ఏమిటో అక్కకే తెలియదు, తనకి తెలుసు. పన్నెండింటికి షట్టరు దించేసి వెళదామనుకుంటున్నాడు. సరిగ్గా అప్పుడే ఒక బూడిదరంగు కారు వచ్చి ఆగింది.

దిగినావిడ తెల్ల యూనిఫారంలో ఉంది, నలభై దాటి ఉంటాయి. వెనక సీటులో బెల్టు పెట్టి కట్టిన నీలం ఐసుపెట్టె, దాని పక్కన దుప్పట్లు.

"చెవి మాస్టారంటే మీరేనా? నేను కొండమీది మూడు క్లినిక్కులకీ తిరిగే నర్సుని. మీకోసం రెండు గంటలు డ్రైవింగ్ చేసుకుంటూ వచ్చాను. పైకి పోతుంటే బండి ఉన్నట్టుండి నీరసపడుతోందండీ. మొన్నొకావిణ్ణి నొప్పులతో దింపుకొస్తుంటే మధ్యలో ఒక ఎదురు ఎత్తులో ఆగిపోయినంత పని చేసింది."

"రెడీ ఫైలు ఎక్కిస్తాను సిస్టర్. అరగంట. మీ పనికి అది చాలు" అన్నాడు మాస్టారు, నోటికి అలవాటైపోయిన మాట కదా. అంటూనే బానెట్ ఎత్తాడు. ఎత్తి, గతుక్కుమన్నాడు.

పాత యజమాని ఎవరో సరదాపడి గాలి లోపలికి పోయే గొట్టం మార్చేశాడు. కంపెనీ వేసిన దానికన్నా వెడల్పు. రెడీ ఫైలుకి ఈ సంగతి తెలియదు. దాన్ని ఎక్కిస్తే అది పాత గొట్టం లెక్కనే గాలిని కొలుస్తుంది. లోపలికి ఎక్కువ గాలి పోతున్నా తక్కువే అనుకొని పెట్రోలు పిసినారితనంగా పోస్తుంది. కొండ ఎక్కేటప్పుడు ఆ ఇంజను కాలిపోతుంది. ఇన్నాళ్ళూ తను తలదాచుకున్న ఫైలు ఈ బండి దగ్గర పనికిరాదు.

"ఏమైందండీ?"

"దీనికి రెడీమేడ్ సరిపడదు. ప్రత్యేకంగా రాయాలి."

"రాయండి మరి! అందుకేగా ఇంత దూరం వచ్చింది."

"సాయంత్రం అవుతుంది. నాకు పనుంది. ఇంకెవరి దగ్గరకైనా..."

"ఇంకెవరున్నారో చెప్పండి, వెళతాను."

ఆ చుట్టుపక్కల ఇంకెవరూ లేరు. ఆవిడ అప్పటికే కుర్చీ లాక్కొని, డబ్బా విప్పి భోజనం మొదలుపెట్టింది. పంపించడం మాస్టారి వల్ల కాలేదు. నొప్పులతో ఉన్నావిడ ఆ వెనక సీట్లో దుప్పటి పిడికిట్లో నలిపి పట్టుకొని ఉన్నట్టే కనిపించింది.

బండిని రోలర్లెక్కించి బెల్టులు బిగించాడు. తక్కువ వేగాల దగ్గర పని సులువు. అక్కడ అంకెలు నిజమే చెబుతాయి. గాలి కొలత సరిచేశాడు, పెట్రోలు సరిచేశాడు. చాలా రోజుల తర్వాత నిజంగా పనిచేస్తున్నందుకు ఒళ్ళు తేలికపడింది. ఒంటిగంటన్నరకి బరువైన భాగం వచ్చింది. టర్బో పూర్తిగా ఊదుతున్నప్పుడు నిప్పురవ్వ ఎంత ముందు పడొచ్చో తేల్చాలి. అంకెలు ఒక హద్దుదాకానే చెబుతాయి. అవతలిది చెవి చెప్పాలి.

హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు. యాక్సిలరేటరు తొక్కాడు. ఎడమ చెవిలో హోరు. కుడి చెవిలో దుప్పటి కప్పుకొని విన్నట్టు గొణుగుడు. అంతకుమించి ఏమీ లేదు. వదిలేశాడు. భయపడి రవ్వని బాగా వెనక్కి పెట్టేద్దామా అనుకున్నాడు. అప్పుడు నాకింగ్ రాదు కానీ ఎత్తు ఎక్కేటప్పుడు బండి ఆయాసపడుతుంది, టర్బో ఎర్రగా కాలుతుంది. ఆవిడ ఏ జబ్బు కుదర్చమని వచ్చిందో ఆ జబ్బే ముదురుతుంది. తల వెనక్కి వాల్చి ఒక నిమిషం అలాగే కూర్చున్నాడు. తెల్ల కారు రోజున ఇదే సీట్లో ఇలాగే కూర్చున్నాడు. ఆ రోజు దిగకుండా ఇంకాస్త తొక్కాడు.

ఈసారి దిగాడు. అద్దాల గదిలోకి వెళ్ళాడు.

"సిస్టర్, మీకు చెవులు బాగా వినపడతాయా?"

"అదేం ప్రశ్నండీ? రోజుకి యాభై గుండెలు వింటాను."

"అయితే వచ్చి బండిలో కూర్చోండి. నాకు వినపడవు."

ఆవిడ నవ్వింది. మాస్టారు నవ్వకపోయేసరికి ఆపేసింది. పైనుంచి కిందిదాకా ఆయన్ని ఒకసారి చూసింది.

"చూపించుకున్నారా?"

"చూపించుకున్నాను. తిరిగొచ్చేది కాదన్నారు."

"గులిమి అయితే నేనే తీసిపెట్టేదాన్ని" అంటూ లేచి చేతులు కడుక్కుంది. ఇంకేమీ అడగలేదు. ముప్ఫయ్యేళ్ళ పరువు ఒక్క ముక్కతో పోతుందని రెండేళ్ళు వణికిన మనిషికి, అది పోయేటప్పుడు ఇంత చిన్న చప్పుడు చేస్తుందని తెలియదు.

పక్క సీట్లో ఆవిడ హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. మాస్టారు ఇంజనుని నెమ్మదిగా తిప్పుతూ ఒక్కొక్కటే గుర్తుపట్టించాడు. ఆ టకటకలు వాల్వులవి, పట్టించుకోవద్దు. ఆ హోరు ఫ్యానుది, అదీ వద్దు. తర్వాత తక్కువ బలం దగ్గర, హాని లేనంత మేరకి, కావాలనే ఒక్క క్షణం రవ్వని ముందుకి నెట్టాడు.

"ఆ!" అందావిడ. "టిక్కుమంది. గాజుగ్లాసు మీద గోటితో తట్టినట్టు."

మాస్టారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అదే. అచ్చంగా అదే. తన చెవిలో రెండేళ్ళుగా మోగని ఆ చప్పుడుని పక్కనున్న మనిషి విని చెబుతుంటే అసూయ కూడా వేసింది. తెల్ల కారులో అది ఎన్ని వందలసార్లు కొట్టుకుందో, తను పక్కనే కూర్చుని ఎంత హాయిగా తలూపాడో తలుచుకున్నాడు.

ఆ తర్వాత రెండు గంటలూ అదే పని. ఆయన తొక్కేవాడు. ఆవిడ కళ్ళు మూసుకొని వినేది. వేలెత్తితే ఆయన వదిలేసి ఒక మెట్టు తగ్గించేవాడు. ఒకసారి ఆయనకి అంకెలన్నీ బాగానే కనిపించాయి, అయినా ఆవిడ వేలెత్తింది. "ఖాయమేనా?" అన్నాడు. "గుండెలో తేడా ఉంటే ఉందనే చెబుతాం కదండీ" అంది. తగ్గించాడు. మూడున్నరకి, మూడుసార్లు వరసగా తొక్కినా వేలు లేవలేదు.

పని కాగితం మీద ట్యూన్ చేసినవారు అన్నచోట ఎప్పట్లా సంతకం చేశాడు. ఒక్క క్షణం ఆగి, దాని కింద, విన్నవారు అని రాసి ఆవిడ పేరడిగి వేశాడు. ఆవిడ ఆ కాగితాన్ని మురిపెంగా చూసుకుంది. "మీ సంగతి నేనెవరితోనూ అనన్లెండి" అంది కారెక్కుతూ.

"అనండి. దాచమని నేను చెప్పను" అన్నాడు మాస్టారు.

స్కూటరు మీద బావ ఇంటికి పావుగంట. దారిపొడుగునా మాట కూడబలుక్కున్నాడు. 'బావా, నీ తప్పేమీ లేదు, నువ్వు మనసులో పెట్టుకోకు.' బాగాలేదు, ఓదార్చడానికి వెళ్ళినట్టుంది. 'బావా, నన్ను క్షమించు.' ఇది మరీ అన్యాయం, ఏం జరిగిందో చెప్పకుండానే వసూలుకి వెళ్ళినట్టుంది. ఒక మలుపులో వెనక లారీవాడు హారన్ కొట్టీ కొట్టీ పక్కకొచ్చి నోటికొచ్చినట్టు తిట్టిపోయాడు. ఆ తిట్లు ఎడమవైపు నుంచి వచ్చాయి కాబట్టి శుభ్రంగా వినపడ్డాయి.

ఇంటి ముందు మెట్ల కింద పాత దుప్పటి పరిచి ఉంది. దానిమీద స్పానర్లు చిన్నదాని నుంచి పెద్దదాని దాకా, సాకెట్లు, సుత్తులు, పుల్లర్లు, అన్నీ నూనె రాసి వరసగా పడుకోబెట్టి ఉన్నాయి. బావ మెట్టు మీద కూర్చుని, కళ్ళజోడు పెట్టుకొని, ఉక్కు రేకుల కట్ట ఒకటి విసనకర్రలా విప్పి, ఒక్కొక్క రేకునీ గుడ్డతో తుడుస్తున్నాడు. సన్నటి సందుల్ని కొలిచే రేకులవి. ఒక్కోదాని మీద దాని మందం చెక్కి ఉంటుంది. ఎండకి ఎత్తి చూస్తుంటే రేకు సన్నగా అదిరింది. గాలి లేదు.

"రారా. అక్క పంపిందా?" అన్నాడు బావ. "ఇచ్చెయ్యొద్దని చెప్పడానికైతే, కూర్చుని టీ తాగి వెళ్ళు."

మాస్టారు కూర్చోలేదు. కూడబలుక్కున్నదేదీ నోటికి రాలేదు.

"బావా, ఆ తెల్ల కారు రింగుల సందు సరిగ్గానే ఉంది. పిస్టన్ నాకింగ్ వల్ల పోయింది. నాకు వినపడలేదు."

బావ తల ఎత్తలేదు. తుడుస్తున్న రేకు తుడవడం పూర్తిచేశాడు.

"ఏ చెవి?"

"కుడిది. ఎడమది కూడా సగమే."

"ఎప్పట్నుంచి?"

"రెండేళ్ళు."

"ఆ రోజు పిస్టన్ నీ చేతిలోనే ఉంది కదరా. గుంటలు పడ్డాయా?"

"పడ్డాయి."

"చూశావా?"

"చూశాను బావా. వేలు అడ్డం పెట్టాను."

బావ కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకొని మళ్ళీ పెట్టుకున్నాడు. లోపల వంటింట్లో అక్క కప్పులు కడుగుతున్న చప్పుడు. మాస్టారు తిడతాడని ఎదురుచూశాడు. చెంప మీద కొట్టినా బాగుండుననుకున్నాడు. పదహారేళ్ళప్పుడు ఒక బోల్టు పోగొట్టినందుకు కొట్టిన మనిషి.

"కంచం ముందు కూర్చున్నా ఈ వేళ్ళే చూసుకునేవాణ్ణి" అన్నాడు బావ చివరికి. "ఏ రోజు, ఏ రింగు దగ్గర పొరపాటు చేశానా అని. దొరికేది కాదు. దొరకనందుకు నా మతి కూడా పోయిందనుకున్నాను." "ఇవాళ్టిదాకా ఎవరికైనా చెప్పావా?" అని అడిగాడు.

"మధ్యాహ్నం ఒక నర్సమ్మ వచ్చింది. రెడీ ఫైలు కుదర్లేదు. ఆవిడకి చెప్పి, ఆవిడ చేతే వినిపించి చేశాను."

"బాగా కుదిరిందా?"

"కుదిరింది."

"బాగుంది" అన్నాడు బావ. "ఎవరో దారినపోయే మనిషికి చెప్పగలిగావు."

వ్యాను వచ్చింది. బడిలో పాఠం చెప్పే పంతులు దిగి నమస్కారం పెట్టాడు. బావ రేకుల కట్ట పక్కనపెట్టి లేచాడు. మాస్టారు ముందుకొచ్చి, "ఇవ్వొద్దు బావా. రేపట్నుంచి షాపుకి రా. నువ్వు కట్టు, వినడానికి ఇంకెవరినైనా పెట్టుకుందాం" అన్నాడు.

బావ రెండు చేతులూ చాచి ఆయన ముందు పెట్టాడు. లావు వేళ్ళు పదీ, దూరంగా రైలు పోతుంటే కిటికీ రెక్కలు అదిరినట్టు, సన్నగా అదురుతున్నాయి.

"అప్పుడు వణికేవి కాదు" అన్నాడు. "ఇప్పుడు నిజంగానే వణుకుతున్నాయి."

వంగి, దుప్పటి ఒక కొస పట్టుకున్నాడు. మాస్టారు రెండో కొస పట్టుకోబోతే, "నువ్వుండు" అని పంతులికి అందించాడు. నాలుగు విడతల్లో సామాను వ్యానులోకి చేరింది. పంతులు ఏదో అడిగాడు. వాటిని ఎలా సర్దుకోవాలో దగ్గరుండి చూపిస్తానన్నాడు బావ. చెప్పులేసుకొని, పంతులి పక్కన ముందు సీట్లోకి ఎక్కి, తలుపు వేసుకున్నాడు. అద్దంలోంచి వెనక్కి చూడలేదు. బావమరిది వెళుతుంటే గేటు దాకా వచ్చి, "నెమ్మదిగా పో" అని ముప్ఫయ్యెనిమిదేళ్ళుగా చెబుతూ వచ్చిన మనిషి, తను వెళ్ళేటప్పుడు ఒక్క మాట అనలేదు. వ్యాను మలుపు తిరిగింది. తిరిగాక దాని చప్పుడు వేరేవాళ్ళకి ఎంతసేపు వినపడుతుందో మాస్టారికి తెలియదు, తనకి మాత్రం వెంటనే ఆగిపోయింది.

అక్క మూడు కప్పులతో బయటికొచ్చింది. ఖాళీ నేల చూసి నిలబడిపోయింది.

"ఏరీ?"

"వెళ్ళారక్కా. సామానుతో పాటు."

"నువ్వు చెప్పలేదా?"

"చెప్పాను."

"మరి చెప్పినా ఇచ్చేశారేంరా?"

అక్క ఒక కప్పు మాస్టారి చేతిలో పెట్టి, గొణుక్కుంటూ మిగతా రెండూ లోపలికి తీసుకెళ్ళిపోయింది. ఆయన కూర్చుందామని మెట్టు వైపు తిరిగాడు. బావ కూర్చున్నచోట ఉక్కు రేకుల కట్ట విప్పినది విప్పినట్టే పడి ఉంది, పక్కనే నూనెగుడ్డ, ఇంకా తుడవని రేకులు నాలుగు.